మాట్లాడని పాత్ర: నాటకాన్ని చదవడం, నాటకాన్ని చేయడం

లక్ష్యం

ఈ పాఠం చదివాక, మీరు ఏ నాటక దృశ్యాన్ని తీసుకున్నా, ఆ సమయంలో మాట్లాడకుండా వేదిక మీద ఉన్నది ఎవరో గుర్తించగలగాలి. ఇది చిన్న లక్ష్యంలా కనిపించవచ్చు. పాఠం చివరికి వచ్చేసరికి అంత చిన్నదేమీ కాదని మీరే అంటారు.

పరిచయం

తెలుగు నాటక చరిత్రను ఇంతకుముందు పాఠాల్లో చదివారు. 1880లో రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు ‘వ్యవహార ధర్మబోధిని’ని ప్రదర్శింపజేశారని, 1887లో బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి ‘చిత్రనళీయం’ రంగమెక్కిందని, ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శితమై 1897లో అచ్చయిందని మీకు తెలుసు. ఈ తేదీలు పరీక్షకు పనికివస్తాయి. నాటకం చేయడానికి వచ్చేసరికి వీటితో పెద్దగా పని జరగదు.

మీరు కైకలూరులో ఉన్నారనుకుందాం. పగలంతా చేపల చెరువు దగ్గర మేత బస్తాల లెక్క చూసుకోవడమో, కొట్టులో కూర్చోవడమో, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకోవడమో ఉంటుంది. రాత్రి భోజనాలయ్యాక ఈ పుస్తకం తెరుస్తారు. రంగస్థల శాఖ ఉన్న విశ్వవిద్యాలయంలో చేరాలంటే విశాఖపట్నమో హైదరాబాదో వెళ్ళాలి. ఇల్లు, పని వదిలి వెళ్ళే వీలు లేకనే దూరవిద్యలో చేరారు. పోస్టులో వచ్చిన పుస్తకంతో నాటకం నేర్చుకోవచ్చా అన్న సందేహం మీకు ఈపాటికి వచ్చే ఉంటుంది. రావలసిన సందేహమే. నటన ఈ పుస్తకంతో రాదు. నాటకాన్ని చూడవలసిన తీరు మాత్రం కొంత వస్తుంది. ఇన్నాళ్ళూ మన పాఠ్యపుస్తకాలు ఆ కొంత కూడా ఇవ్వలేదని నా ఫిర్యాదు. అది ఎందుకో ముందు చూద్దాం.

చదువులో నాటకం ఏమైంది

తెలుగు ఎం.ఏ. ప్రశ్నపత్రాలు తిరగేస్తే గిరీశం పాత్రచిత్రణ, మధురవాణి ఔదార్యం, గురజాడ సంఘసంస్కరణ దృష్టి అన్న ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ కనబడతాయి. జీవితంలో ఒక్క నాటకమైనా చూడనివారు కూడా వీటికి మంచి జవాబులు రాయగలరు, మంచి మార్కులూ తెచ్చుకోగలరు. నాటకాన్ని మనం నవలలాగే చదివాం. ఎవరు ఏమన్నారో చూశాం. ఆ మాట అంటున్నప్పుడు పక్కనున్నవాళ్ళు ఏం చేస్తున్నారో చూడలేదు. భరతుడు చెప్పిన నాలుగు అభినయాల పేర్లు అందరికీ నోటికి వచ్చు. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని అడగకముందే చెప్పేస్తారు. కానీ ఆ నాలుగింటిలో పుస్తకంలో అచ్చయ్యేది వాచికం ఒక్కటే, అదీ సగమే. గొంతు అచ్చులోకి రాదు కదా.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ‘కన్యాశుల్కం’ ప్రథమాంకంలో మధురవాణి ఇంట్లో జరిగే దృశ్యం మీకు గుర్తుండే ఉంటుంది. పూటకూళ్ళమ్మ చీపురు పట్టుకుని వస్తుంది, మగవాళ్ళు మంచం కిందికి దూరతారు. చదివేటప్పుడు మన కళ్ళు మాటలవెంట పరుగెడతాయి. మంచం పైన సంభాషణ సాగుతున్నంతసేపూ మంచం కిందివాడిని మరిచిపోతాం. పుటలో అతని పేరు రాదు కనుక అతను లేనట్టే.

వేదిక మీద అలా కుదరదు. మంచం కింద మనిషి ఉన్నంతసేపూ ఉన్నట్టే. ప్రేక్షకుల చూపు మాట్లాడేవాళ్ళ మీదకంటే అతని మీదే ఎక్కువ పడుతుంది. కనుక ఈ దృశ్యాన్ని చేయబోయేవారు తేల్చుకోవలసిన మొదటి సంగతి సంఘసంస్కరణ కాదు, మంచం ఎత్తు. మంచం మరీ కిందికి ఉంటే దాక్కున్నవాడి ముఖం కనబడదు. మరీ పైకి ఉంటే దాక్కున్నాడని ఎవరూ నమ్మరు. దుప్పటి ఎంతవరకు వేలాడాలి? మంచాన్ని ప్రేక్షకులకు అడ్డంగా వేయాలా, ఏటవాలుగా వేయాలా? పైన తన గురించే మాట వచ్చినప్పుడు కిందివాడు నవ్వాలా, బిగుసుకుపోవాలా? వీటికి జవాబు గురజాడ రాయలేదు. రాయనక్కర లేదు కూడా. అవి చేసేవాళ్ళు చెప్పవలసిన జవాబులు. నాటకశాస్త్రాన్ని విశ్వవిద్యాలయంలో ఒక ప్రత్యేక చదువుగా పెట్టడానికి కారణం ఇలాంటి ప్రశ్నలే.

ఇంకొక మాట. 1909లో గురజాడ తిరగరాసిన ‘కన్యాశుల్కం’ ఏడంకాల నాటకం. ఉన్నది ఉన్నట్టు ఆడితే ఒక రాత్రికి తెమలదు. ప్రదర్శించిన ప్రతివారూ ఎక్కడో ఒకచోట కత్తెర వేయక తప్పలేదు. ఆ కత్తెర ఎక్కడ వేశారో చూస్తే ఆ దర్శకుడు నాటకాన్ని ఎలా అర్థం చేసుకున్నాడో తెలుస్తుంది. ఒకరకంగా అదే అసలైన విమర్శ. పరీక్షలో ‘పది నిమిషాలు తగ్గించండి, ఎందుకు తగ్గించారో రాయండి’ అని అడిగితే ఎంత బాగుండును!

మీ చుట్టుపక్కల ఉన్న నాటకం

ఈ ఊరివారికి ఒక సౌకర్యం ఉంది. ఏలూరు, గుడివాడ, భీమవరం మధ్య ఉన్న ఈ నేల పద్యనాటకానికి సొంత నేల. ‘పాండవోద్యోగ విజయాలు’ రాసిన తిరుపతి వేంకట కవులలో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారిది భీమవరం దగ్గరి యండగండి. గుడివాడ ప్రాంతం నుంచి వచ్చిన అక్కినేని నాగేశ్వరరావు సినిమాలకు ముందు నాటకాల్లో ఆడవేషాలు వేశారు. కళాశాలలో నటన చదువుకోలేదు. శ్రీరామనవమి పందిళ్ళలో, షష్ఠి తీర్థాల్లో రాత్రి పదింటికి మొదలై తెల్లవారేదాకా సాగిన నాటకాలు మీ ఇంట్లో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. మీరు కూడా అమ్మ ఒళ్ళో నిద్రపోతూ సగం చూసి ఉంటారు.

పడకసీను తీసుకోండి. దుర్యోధనుడు వచ్చి కృష్ణుడి తలవైపు కూర్చుంటాడు, అర్జునుడు కాళ్ళవైపు ఉంటాడు. కృష్ణుడిది దొంగనిద్ర. ఆ సంగతి ప్రేక్షకులకు తెలియాలి, దుర్యోధనుడికి తెలియకూడదు. కళ్ళు మూసుకుని, కదలకుండా, నోరు విప్పకుండా ‘నేను మెలకువగానే ఉన్నాను’ అని వెయ్యిమందికి చెప్పడం సులువైన పని అనుకుంటున్నారా? చాలామంది కృష్ణులు దీన్ని పద్యం మొదలయ్యే ముందు విశ్రాంతిగా వాడుకుంటారు. తెలిసిన నటుడు మాత్రం చిన్న చిరునవ్వుతోనో, కాలివేలి కదలికతోనో ఆ నిద్రను రక్తి కట్టిస్తాడు. పుస్తకంలో మీరు వెతికినా ఆ కాలివేలు దొరకదు.

‘సత్యహరిశ్చంద్ర’ కాటిసీనులో ఇంతకంటే కఠినమైన పాత్ర ఒకటుంది. అది లోహితుడి శవం. చంద్రమతి, హరిశ్చంద్రుడు రాగం తీసి పద్యాలు పాడుతుంటే, ఒన్స్‌మోర్లు పడుతుంటే, ఆ పిల్లవాడు కదలకుండా పడుకోవాలి. కొల్లేటి దోమల మధ్య అది తపస్సుకు తక్కువేమీ కాదు. పిల్లవాడు ఒక్కసారి కాలు గోక్కుంటే చంద్రమతి శోకం అంతా నవ్వులపాలవుతుంది. ఇదే సీను ఇంకొక పాఠం కూడా చెబుతుంది. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి నాటకాన్ని చేతిలో పట్టుకుని ప్రదర్శన చూస్తే, కొన్ని పద్యాలు అందులో కనిపించవు. జాషువాగారి శ్మశానపద్యాలను నటులు తెచ్చి కాటిసీనులో కలుపుకున్నారు. ప్రేక్షకులు వాటికోసం కాచుకుని కూర్చున్నారు. అచ్చు పుస్తకాన్నే నాటకం అనుకునేవారు దీన్ని ప్రక్షిప్తం అంటారు. నాటకం చేసేవారు దీన్ని ప్రదర్శన పాఠం అంటారు. నేను రెండో మాటవైపే ఉన్నాను.

పద్యనాటకాన్ని మెచ్చుకున్నాను కనుక అందులో లోపాలు లేవనుకోకండి. కాంట్రాక్టు పద్ధతి వచ్చాక ఒక్కొక్క ఊరినుంచి ఒక్కొక్క నటుడిని పిలిపించి, రిహార్సల్ లేకుండానే తెర ఎత్తడం మామూలైపోయింది. ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అంటూ ముగ్గురు నలుగురు వస్తారు. పాడేవాడికి పాట వచ్చు, హార్మోనిస్టుకు శ్రుతి వచ్చు, ప్రేక్షకులకు పద్యాలన్నీ వచ్చు. అందువల్ల నాటకం ఆగకుండా నడిచిపోతుంది. కానీ రాయబారంలో కృష్ణుడు పాడుతుంటే కౌరవసభలో కూర్చున్నవాళ్ళు ఏం చేయాలో ఎవరూ చెప్పరు. వారు మైకు వైరు సర్దుకుంటారు, కిరీటం సరిచేసుకుంటారు, ముందు వరసలో తెలిసినవారు కనిపిస్తే పలకరింపుగా తల ఊపుతారు. సభలో ఒక దూత ప్రాణానికి అపాయం ఉన్న ఘట్టమది! మాట్లాడని పాత్రను పట్టించుకోనిది పాఠ్యపుస్తకం ఒక్కటే కాదన్నమాట.

విశ్వవిద్యాలయం తెచ్చినది, తేలేనిది

ఈ లోపాన్ని సరిదిద్దే మనిషి పేరు దర్శకుడు. తెలుగులో దర్శకుడికి, రిహార్సల్‌కు గౌరవం రావడంలో విశ్వవిద్యాలయానికి వాటా ఉంది. 1940లలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రిజిస్ట్రారుగా ఉన్న కూర్మా వేణుగోపాలస్వామిగారు వాల్తేరులో ప్రయోగాత్మక నాటకశాలను నెలకొల్పారు. కళాశాలల మధ్య నాటక పోటీలు నడిపించారు. రిజిస్ట్రారు అంటే దస్తావేజుల మనిషి అని మనం అనుకుంటాం. ఆయన తన దస్త్రాల పక్కనే వేదికకు చోటు ఇచ్చారు. పోటీ అంటే కాలపరిమితి ఉంటుంది. కాలపరిమితి ఉంటే పాడిందే పాడడం కుదరదు, ఏకాంకిక బలపడుతుంది, గుంపుగా సాధన చేయక తప్పదు. మాట్లాడని పాత్ర ఎక్కడ నిలబడాలో ముందే తేల్చుకోవడం అక్కడ అలవాటైంది. తర్వాత 1985లో తెలుగు విశ్వవిద్యాలయం, 1988లో హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని సరోజినీనాయుడు కళాశాల వచ్చాయి. రంగస్థలాన్ని పట్టా కోసం చదివే విద్యగా చేశాయి.

అయితే దీనికి ఒక మూల్యం చెల్లించామని నా అభిప్రాయం. సాధన తెలిసిన వేదిక ఒకవైపు, జనం తెలిసిన వేదిక మరొకవైపు ఉండిపోయాయి. కళాశాల నాటకం చూసేవారు ఎక్కువగా కళాశాలవారే. తీర్థంలో నాటకం చూసేవారికి దర్శకుడి పేరు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ రాలేదు. రెండూ కలిసిన సందర్భాలు తక్కువ. కలిసినప్పుడు ఏమవుతుందో సురభివారి విషయంలో చూడవచ్చు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఈ కుటుంబ నాటక సమాజంలో పిల్లలు నడక నేర్చేసరికే రంగం మీద ఉంటారు. వారితో బి.వి. కారంత్ వచ్చి కొత్త నాటకాలు చేయించారు. బ్రెహ్ట్ నాటకం ఆధారంగా వచ్చిన ‘బస్తీ దేవత యాదమ్మ’ వాటిలో ఒకటి. కారంత్ చిన్నతనంలో కర్ణాటకలో గుబ్బి వీరణ్ణ కంపెనీలో పెరిగి, తర్వాత ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయంలో చదివినవారు, దానికి డైరెక్టరుగా కూడా ఉన్నారు. కంపెనీ చదువు, కళాశాల చదువు రెండూ ఒకే మనిషిలో ఉండడం వల్లనే సురభి నటుల బలం ఆయనకు తెలిసింది. వారికి నటన నేర్పడానికి పూనుకోకుండా, ఉన్న నటనకు కొత్త పని చూపించారు.

మీకు కూడా అలాంటి అవకాశమే ఉందంటే నమ్మండి. విశాఖ విద్యార్థికి దీపాలు, తెరలు, గురువు, తోటి నటులు ఉంటారు. అవి మీకు లేవు, ఈ పుస్తకం వాటికి బదులు కాదు. తోటి నటుడి ఊపిరి వింటూ సాధన చేయడాన్ని ఏ పాఠమూ ఇవ్వలేదు. అందువల్ల సంప్రదింపు తరగతులకు తప్పక రండి. రైలు ఖర్చు దండగ అనుకోకండి. కానీ ఆ విద్యార్థి పద్యనాటకాన్ని చాలావరకు పరిశోధన వ్యాసాల్లో చూస్తాడు, మీరు తాటాకు పందిట్లో చూడగలరు.

మీరు చేయవలసిన పని

మీ చుట్టుపక్కల నాటకం ఎప్పుడు పడుతుందో కనుక్కోండి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర ఫాల్గుణంలో వస్తుంది. ఏలూరు వై.ఎం.హెచ్.ఏ. హాలు దూరమేమీ కాదు. ఏదీ దొరకకపోతే ఊళ్ళో పాత నటులు ఒకరైనా ఉండకపోరు, వెళ్ళి కూర్చోండి. నాటకం చూస్తున్నప్పుడు ఒక దృశ్యంలో పాడుతున్నవారిని వదిలేయండి. చెవులకు పద్యం ఎలాగూ వినిపిస్తుంది, కళ్ళను మాట్లాడని ఒక్క పాత్రమీదే నిలపండి. అతను ఎప్పుడు విన్నాడు, ఎప్పుడు వినడం మానేశాడు, ఒన్స్‌మోర్ పడినప్పుడు మొదటిసారి విన్నట్టే విన్నాడా, చేతులు ఎక్కడ పెట్టుకున్నాడు అన్నవి గుర్తుపెట్టుకుని ఇంటికి వచ్చాక రాయండి. అక్కడే కాగితం తీస్తే పక్కవాళ్ళు అడిగే ప్రశ్నలకే సమయం సరిపోతుంది.

తర్వాత ఇంట్లోనే ఒక మంచం, ఒక చీపురు, ముగ్గురు మనుషులతో ‘కన్యాశుల్కం’ దృశ్యాన్ని ఒకసారి చేసి చూడండి. మాటలు చూసి చదివినా ఫరవాలేదు. మంచం కిందివాడి వేషం మాత్రం మీరే వేయండి. పైన ఏం జరుగుతోందో మీకు కనబడదు, వినబడుతుంది. ఆ పది నిమిషాల్లో మీ శరీరం చేసిన పనులను రెండు పేజీలకు మించకుండా రాసి, సంప్రదింపు తరగతికి తీసుకురండి. మీ మంచం ఎత్తు ఎన్ని అంగుళాలో పైన రాయడం మరిచిపోకండి.