పంజాగుట్ట పక్కన కొలిచిన ఆకాశం

ఆకాశంలో కనిపించే వెలుగు నక్షత్రమా గ్రహమా అన్నది ఒక్క చూపుతో తేలదు. మినుకుమినుకుమంటే నక్షత్రం, నిలకడగా వెలిగితే గ్రహం అన్న బడి పాఠం చాలావరకు పనికొస్తుంది. కానీ దిగంతానికి దగ్గరగా దిగిన గ్రహం కూడా మినుకుమంటుంది. సంగతిని తేల్చేది స్థానం. పక్కనున్న రెండు మూడు నక్షత్రాలకు అది ఎంత దూరంలో, ఏ వైపున ఉందో గుర్తుపెట్టుకోవాలి. కొన్ని వారాల తర్వాత మళ్లీ చూడాలి. జరిగి ఉంటే గ్రహం. చోటు కొలవడం, రాసిపెట్టుకోవడం, మళ్లీ కొలవడం: ఖగోళశాస్త్రానికి పునాది ఈ పనే. ఆ పనిని ప్రపంచం లెక్కలోకి తీసుకునేంత శ్రద్ధగా చేసిన చోటు ఒకటి అమీర్‌పేటకు, పంజాగుట్టకు ఆనుకుని ఉన్న బేగంపేటలో ఉంది. అదే నిజామియా అబ్జర్వేటరీ.

హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. నగరం మీది ఆకాశాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే ఉపయోగపడే సంఖ్య లేదు. ఉత్తరార్ధగోళంలో ఎక్కడ నిలబడినా ధ్రువ నక్షత్రం ఎత్తు దాదాపు ఆ చోటి అక్షాంశమంతే. చాచిన చేతి పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. అంటే హైదరాబాద్‌లో ధ్రువ నక్షత్రం ఉత్తర దిగంతానికి రెండు పిడికిళ్లకు కొంచెం తక్కువ ఎత్తులోనే ఉంటుంది. పంజాగుట్ట చౌరస్తాలో అమీర్‌పేట వైపు తిరిగి నిలబడితే ముఖం దాదాపు ఉత్తరానికే ఉంటుంది. కానీ మెట్రో వంతెన, ఇరువైపులా ఉన్న భవనాలు ఆ ఎత్తును మింగేశాయి. అదే అక్షాంశం నగరవాసికి ఒక మేలు కూడా చేసింది. సూర్యుడు, చంద్రుడు, గ్రహాలు నడిచే దారి ఇక్కడ నడినెత్తికి దగ్గరగా పోతుంది. ఆ దారి దక్షిణాన అత్యంత కిందికి దిగినచోట కూడా, దక్షిణ దిక్కును దాటేటప్పుడు ఎత్తు దాదాపు 49 డిగ్రీలు. కాబట్టి అపార్ట్‌మెంట్ డాబా మీద నుంచి గురు, శని, కుజులను చూడటానికి అడ్డమేమీ ఉండదు. వీధి దీపాల వెలుగు చిన్న నక్షత్రాలను తుడిచేస్తుంది గానీ ఈ గ్రహాలను తుడిచేయలేదు. ఉత్తర ఐరోపా ఎన్నడూ చూడని అగస్త్య నక్షత్రం కూడా చలికాలం రాత్రుల్లో దక్షిణాన 20 డిగ్రీల ఎత్తుకు వస్తుంది.

సూర్యుడి విషయంలో ఈ అక్షాంశం ఏడాదికి రెండుసార్లు పగటిపూటే రుజువవుతుంది. మే 9 ప్రాంతంలో, తిరిగి ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా నాటిన కర్ర నీడ దాని మొదట్లోనే కలిసిపోతుంది. మేలో అది జరిగే సమయం 12 గంటలు కాదు, 12:12 ప్రాంతం. భారత కాలమానం 82.5 డిగ్రీల రేఖాంశానిది. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమరన ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యుడు 16 నిమిషాలు ఆలస్యంగా రావాలి. భూమి కక్ష్య దీర్ఘవృత్తం, దాని అక్షం వాలుగా ఉంది. ఈ రెండు కారణాల వల్ల మేలో ఆ రోజుల్లో ఓ నాలుగు నిమిషాలు తగ్గుతాయి.

సూర్యుడు నక్షత్రాల మధ్య రోజుకు దాదాపు ఒక డిగ్రీ తూర్పుకు జరుగుతాడు. అందుకే ప్రతి నక్షత్రమూ రోజుకు 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తుంది, నెల తిరిగేసరికి రెండు గంటలు. తెలుగు రైతుకు ఇది కొత్త సంగతి కాదు. ఆకాశ మార్గాన్ని 27 భాగాలు చేసి, సూర్యుడు ఒక్కో భాగంలో ఉండే 13, 14 రోజులను కార్తె అన్నారు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె వచ్చిందంటే సూర్యుడు మృగశిర భాగంలోకి చేరాడని. ఆ రోజుల్లో ఆ నక్షత్రం సూర్యకాంతిలో కలిసిపోయి కనిపించదు. దాన్ని రాత్రంతా చూడాలంటే డిసెంబరు దాకా ఆగాలి. బడుల్లో ఖగోళశాస్త్రం సూర్యకుటుంబం బొమ్మతో, గ్రహాల పేర్ల వరసతో మొదలవుతుంది. కార్తెతో మొదలుపెడితే పిల్లలకు ఆకాశం చదివించడం ఎంతో తేలిక. బొమ్మ తర్వాత రావాలి.

గ్రహాలు కూడా సూర్యుడి దారికి అటూ ఇటూగా తూర్పుకే జరుగుతాయి, కానీ ఒక్కో కాలంలో ఆగి, వెనక్కి పడమరకు నడిచి, మళ్లీ తూర్పుకు తిరుగుతాయి. పంచాంగం దీన్ని వక్రం అంటుంది. కుజుడు దాదాపు 26 నెలలకోసారి వక్రిస్తాడు, గురుడు దాదాపు ఏటా నాలుగు నెలలు. గ్రహం నిజంగా వెనక్కి మళ్లదు. అమీర్‌పేట వైపు పోయే మెట్రోలోంచి కిటికీ బయటికి చూస్తే, కింద అదే దిక్కున మెల్లగా పోతున్న బస్సు దూరాన ఉన్న భవనాల ముందు వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది. లోపలి కక్ష్యలో భూమి వేగంగా పోతూ బయటి గ్రహాన్ని దాటేటప్పుడు జరిగేదీ అదే.

ఈ నడకల వెనక లెక్కను కెప్లర్ పట్టుకున్నాడు. టైకో బ్రాహీ కుజుడి స్థానాలను ఏళ్ల తరబడి కొలిచి ఉంచాడు గనుకే పట్టుకోగలిగాడు. 1609లో రెండు నియమాలు వచ్చాయి: కక్ష్య దీర్ఘవృత్తం, సూర్యుడికి దగ్గరైనప్పుడు గ్రహం వేగం పెరుగుతుంది. 1619లో మూడోది వచ్చింది: దూరం ఘనం, కాలం వర్గం ఒకే నిష్పత్తిలో ఉంటాయి. భూమి దూరాన్ని 1 అనుకుంటే గురుడి దూరం 5.2. దాని ఘనం దాదాపు 140.6, వర్గమూలం 11.86. గురుడు సూర్యుణ్ని చుట్టడానికి పట్టే ఏళ్లు అవే. రాశికి ఏడాది చొప్పున 12 రాశులు, 12 నదులకు పుష్కరాలు. గురుడు సింహరాశిలోకి వస్తే గోదావరికి, కన్యలోకి వస్తే కృష్ణకు. 2015లో గోదావరి పుష్కరాలు, మరుసటి ఏడాది కృష్ణా పుష్కరాలు వచ్చింది ఈ నడకవల్లే. శని దూరం 9.54. లెక్క చేస్తే 29.5 ఏళ్లు, రాశికి దాదాపు రెండున్నర. ఏలినాటి శని ఏడున్నరేళ్లు అంటే శని మూడు రాశులు దాటడానికి పట్టే కాలం. ఫలితాల మాట ఎలా ఉన్నా కాలం లెక్క మాత్రం కెప్లర్ నియమంతో సరిపోతుంది.

గ్రహం జరిగిందని చెప్పాలంటే జరగని గుర్తులు కావాలి. ఆ గుర్తులు నక్షత్రాలు. వాటి స్థానాలను ఫోటోలు తీసి కొలవాలని 1887లో పారిస్‌లో ప్రపంచ అబ్జర్వేటరీలు ఒప్పందానికి వచ్చాయి, ఆకాశాన్ని వలయాలుగా పంచుకున్నాయి. హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో తన సొంత అబ్జర్వేటరీ పెట్టి దానికి నిజాం పేరు పెట్టుకున్నారు. ఆయన 1907లో మరణించాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. డైరెక్టర్ ఆర్థర్ చాట్‌వుడ్ హయాంలో అది బేగంపేటకు మారింది. దాని దగ్గర 15 అంగుళాల గ్రబ్ దూరదర్శిని, ఫోటోలకు 8 అంగుళాల కుక్ కెమెరా దూరదర్శిని ఉండేవి. చిలీలోని శాంటియాగోకు కేటాయించిన దక్షిణ వలయం, ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా, అక్కడ పూర్తికాక హైదరాబాద్ చేతికి వచ్చింది. ఇక్కడి నుంచి ఆ వలయం దాదాపు 50 డిగ్రీలు, అంతకు పైగా ఎత్తుకు వస్తుంది. లండన్ నుంచి చూస్తే అది 20 డిగ్రీల దగ్గరే పొగమంచులో ఉండిపోతుంది.

పని 1914 నుంచి 1929 దాకా సాగింది, మొదట రాబర్ట్ పొకాక్, 1918 నుంచి టి.పి. భాస్కరన్ నాయకత్వంలో. 1919లో సంస్థ ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. తర్వాత జర్మనీలోని పోట్స్‌డామ్ వదిలేసిన ఉత్తర వలయంలో 36 నుంచి 39 డిగ్రీల భాగాన్ని కూడా 1928–38 మధ్య హైదరాబాదే ఫోటోలు తీసింది. గాజు ప్లేటు మీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో డిగ్రీలో 60వ వంతుకు సమానం. పౌర్ణమి చంద్రుడు మూడు సెంటీమీటర్లంత వస్తాడు. అలాంటి ప్లేటు మీద 5 మిల్లీమీటర్ల గళ్లు ముద్రించి, ఒక్కో చుక్క ఆ గడిలో ఎక్కడుందో సూక్ష్మదర్శినిలో చూసి, మిల్లీమీటరులో కొన్ని వెయ్యో వంతుల దాకా చేత్తో రాయాలి. రెండు వలయాల్లో కలిపి నాలుగు లక్షలకు పైగా నక్షత్రాలు. కంప్యూటర్ లేని రోజుల్లో ఆ అంకెలు 12 సంపుటాలయ్యాయి. ఎవరూ చప్పట్లు కొట్టని ఈ పని ఏ గొప్ప ఆవిష్కరణకూ తీసిపోదు.

ఎందుకంటే నక్షత్రాలు కూడా జరుగుతాయి. 1718లో హేలీ ప్రాచీన గ్రీకు కొలతలతో పోల్చి స్వాతి నక్షత్రం చోటు మారిందని చూపాడు. అది ఏడాదికి 2.3 ఆర్క్ సెకన్లు జరుగుతుంది, అయినా చంద్రబింబమంత దూరం పోవడానికి దాదాపు 800 ఏళ్లు కావాలి. మిగతా నక్షత్రాల్లో చాలావాటి నడక అంతకంటే ఎంతో తక్కువ. దాన్ని పట్టాలంటే పాత కొలత ఒకటి, కొత్త కొలత ఒకటి ఉండాలి. ఐరోపా పంపిన హిపార్కోస్ ఉపగ్రహం 1989–93 మధ్య కొత్త కొలతలు తీసింది. పాత కొలతలను బేగంపేటతో సహా ఆ అబ్జర్వేటరీలన్నీ ఇచ్చాయి. రెండిటినీ కలిపి 2000లో వచ్చిన టైకో-2 పట్టిక 25 లక్షల నక్షత్రాల చలనాలను చెప్పింది.

ఈ అబ్జర్వేటరీలో పనిచేసిన ఖగోళవేత్త కొడుకు వైను బప్పు నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్‌కు వెళ్లి, 1949లో అక్కడ ఫోటో ప్లేటు మీదే ఒక తోకచుక్కను కనిపెట్టాడు. ఊరు పెరిగి రాత్రి తెల్లబడ్డాక పరిశీలన నగరానికి దూరంగా జపాల్–రంగాపూర్‌కు తరలింది. 48 అంగుళాల దూరదర్శిని 1968లో అక్కడ వచ్చింది. బేగంపేట ఆవరణలో ఇప్పుడు ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం నడుస్తోంది. చిరునామాలో మాత్రం నిజామియా అబ్జర్వేటరీ పేరు మిగిలింది.

అమీర్‌పేటకు చదువుల కోసం రోజూ వేలమంది యువకులు వస్తారు. కూతవేటు దూరంలో నాలుగు లక్షల నక్షత్రాలు కొలిచారన్న సంగతి వాళ్లకు చెప్పే ఫలకం ఒకటి అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో పెట్టాలి. అందులో జఫర్ జంగ్, చాట్‌వుడ్, పొకాక్, భాస్కరన్ పేర్లతోపాటు అంకెలు రాసిన ఉద్యోగుల ప్రస్తావన కూడా ఉండాలి.