ఒడిస్యూసు తెప్ప

హోమరు 'ఒడిస్సీ' కావ్యమున నాయకుడు మనకు ప్రత్యక్షమగునది అయిదవ సర్గలో. అప్పటికి ఏడేండ్లుగా ఆతడు కాలిప్సో దేవత దీవిలో చిక్కియున్నాడు. పగలెల్ల తీరమున కూర్చుండి, కడలివంక చూచుచు కన్నీరు కార్చుట ఆతని నిత్యకృత్యము. ఇప్పుడు దేవతల ఆజ్ఞచే విడుదల లభించినది. ఇంతకాలము నేలపై నిలిచిపోయిన నావికుడు తిరిగి సముద్రయానమునకు సిద్ధపడు ఈ ఘట్టమును కవి నడిపిన తీరు పరిశీలింపదగినది.

వియోగవర్ణనకు ఇచట అవకాశము మెండు. కాని హోమరు తన శక్తిని వడ్రంగపు పనిపై వెచ్చించినాడు. కాలిప్సో ఒలీవకఱ్ఱ పిడిగల గొడ్డలిని, బాడిసను ఒసగినది. ఒడిస్యూసు ఇరువది మ్రాకులను పడగొట్టి, చెక్కి, తొలిచి, చీలలతో బిగించినాడు. తెరచాపకొయ్య నిలిపి, చుక్కాని అమర్చి, అలలు లోనికి రాకుండ చుట్టును తడిక కట్టినాడు. నాలుగు దినములలో పని ముగిసినది, అయిదవనాడు ప్రయాణము. తెప్ప కట్టుచున్నంతసేపును ఆతని కన్నీటి ప్రసక్తి లేదు. ఆతని మనఃస్థితి మాఱినదని కవి వేఱుగ చెప్పనక్కఱలేకపోయినది.

ఈ భాగమును తెనిగించువానికి రెండు ప్రలోభములు కలుగును. తెప్ప నిర్మాణమును ఒక్క వాక్యమున ముగించి, వీడ్కోలును సమాసములతో పెంచుట మొదటిది. ప్రబంధములకు అలవడిన మన కలమునకు అది సుకరము. చుక్కానిని 'కర్ణము' అనియు, తెరచాపను 'మరుత్పటము' అనియు వ్రాసి గాంభీర్యము తెచ్చుట రెండవది. చేతులు కాయలు కాచు పనికి ఆ గాంభీర్యము పొసగదు. మన తీరమున పడవలు కట్టువారి నోటను, నడుపువారి నోటను ఈ పనికి కావలసిన మాటలు జీవించియున్నవి. అనువాదకుడు నిఘంటువుకంటె ముందు వారినే ఆశ్రయింపవలెను.

నక్షత్రములకడ సమస్య వేఱు. ఒడిస్యూసు కంటిపై కునుకు లేక, కృత్తికలను, ఆలస్యముగ క్రుంకు బూటీసును, సప్తర్షిమండలమును చూచుచు పదునేడు దినములు సాగినాడు. సప్తర్షులను ఎడమచేతివైపు ఉంచుకొనుమని కాలిప్సో ఉపదేశము. అనగా గమనము తూర్పునకు. బూటీసులోని ప్రధానతార మన స్వాతియే. కనుక పేర్లకు కొఱత లేదు. కాని సప్తర్షిమండలము ఎన్నడును సముద్రమున మునుగదని హోమరు చెప్పినాడు. ఆనాటి గ్రీసు ఆకాశమునకు అది సత్యము. మన కాకినాడ తీరమునుండి చూచువానికి ఆ మండలము క్రుంకును. అయినను మూలమును మన ఆకాశమున కనుగుణముగ దిద్దరాదు. చదువరి తెలుగుమాటలతోనే పరాయి కడలిపై పయనింపవలెను.

పదునెనిమిదవనాడు ఫేయాకుల కొండలు కనబడును. అంతలో పొసైడను తుపాను రేపి తెప్పను ఛిన్నాభిన్నము చేయును. ప్రతి దూలమును, ప్రతి చీలను మనకు చూపిన పిమ్మట గదా కవి దానిని విఱిచినాడు! నిర్మాణమును సంక్షేపించిన అనువాదమున ఆ వినాశమునకు బరువుండదు. కావున ఆ ఇరువది మ్రాకులలో ఒక్కటియు విడువక తెనిగించుట అనువాదకుని ప్రథమధర్మము.