విడదీసి రాయండి

పూర్ణా మార్కెట్ దగ్గర కుట్టుసామాన్ల కొట్లో, దారం రీళ్లకీ హుక్కుల అట్టలకీ మధ్య ఒక ప్లాస్టిక్ డబ్బా. అందులో కలాల్లాగా నిలబెట్టి ఉంటాయి, రంగు పిడి, పైన గాజులాంటి మూత. "ఓపెనర్" అని అడిగినా ఇస్తారు, "సీమ్ రిప్పర్" అన్నా ఇస్తారు. రెండు పేర్లూ గుర్తు రాక "కుట్లు ఊడదీసేది" అన్నా కొట్టతని చెయ్యి ఆ డబ్బా మీదికే పోతుంది. పావుగంటసేపు ఒక్కోదాని మూత తీసి వెలుతురుకి పట్టి చూశాను. "అన్నీ ఒకటేనమ్మా" అన్నాడు. కాదు.

సన్నటి ఉక్కు కాడ, కొసన రెండు పాయలు. ఒకటి పొడుగు, సూదిమొన. రెండోది పొట్టి, దాని తలమీద ఎర్రపూస. కొత్తవాళ్లు మొన కోస్తుందనుకుంటారు. మొన కోయదు, కుట్టు కిందికి దూరి దారి చేసి ఊరుకుంటుంది. పదునంతా రెండు పాయల నడుమ వంపు లోపల ఉంది. పూస గుడ్డకి తగిలితే జారిపోతుంది, గుచ్చుకోదు. ఈ పొందిక చూసినప్పుడల్లా నాకు మన విశాఖ రేవు గుర్తొస్తుంది. అటు సముద్రంలోకి చొచ్చుకుపోయిన డాల్ఫిన్స్ నోస్ కొండ, ఇటు చర్చినీ దర్గానీ గుడినీ నెత్తిన మోస్తున్న మూడు పొట్టి కొండలు, మధ్య సన్నటి కాలువ. 1933 నుంచి ఓడలు ఈ కొండనీ ఆ కొండనీ తాకకుండా ఆ నడిమి నీళ్లలోంచే లోపలికొస్తున్నాయి. అంత పెద్ద రేవునీ ఎవరో నలిపి, పూస తగిలించి, పిడికి బిగించినట్టుంటుంది నా చేతిలో.

విశాఖవాళ్లం కదా, ఉక్కు ఎక్కడ కనపడినా మనదేనా అని అడగబుద్ధేస్తుంది. ఇది మనది కాదు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మనం పేర్లు పెట్టుకున్న స్టీల్‌ప్లాంట్ బ్లాస్ట్ ఫర్నేసుల ఇనుము కడ్డీలై, వైర్ రాడ్లై స్లాబుల్లోకి పోతుంది. వేలెడు కాడ మీద వెంట్రుకవాసి పదును తీర్చడం ఇంకెవరి పనో. మన గాలి మాత్రం దీన్ని వదలదు. ఒక్క వానాకాలం మూత లేకుండా ఉంచితే ఉప్పుగాలికి సరిగ్గా ఆ వంపులోనే తుప్పు చుక్క పడుతుంది. మిషన్ నూనె ఒక బొట్టు రాసి, బాగా తుడిచి, మూత పెట్టాలి. తుప్పు గుడ్డకి అంటితే ఆ మరక మనకంటే ఎక్కువకాలం ఉంటుంది.

కొనేటప్పుడు ముందు పిడి చూస్తాను. గుండ్రటిదైతే మంచంమీంచి దొర్లి అరికాలి కిందికి చేరుతుంది, అందుకని కాస్త చదునుగా ఉన్నదే తీసుకుంటాను. కాడ పిడిలో ఊగకూడదు. మిషన్ కుట్టు ఒక్కోటి రెండున్నర మిల్లీమీటర్లు; ఆ సందులోకి దూరనంత లావు మొన జీన్స్‌కి పనికొస్తుందేమో, జాకెట్టుకి పనికిరాదు. మొండిబారినదాన్ని దాచుకోవడం పిసినారితనం. అది దారాన్ని తెంపదు, లాగుతుంది. గుడ్డ చిరుగుతుంది.

మా వీధి దర్జీ దీన్ని ముట్టుకోడు. సగం బ్లేడు వేళ్ల మధ్య పట్టుకుని, రెండు పొరల్నీ చెరోవైపు లాగి సర్రున గీస్తాడు. చూడటానికి గొప్పగా ఉంటుంది, విద్యే, కాదనను. నా గంధంరంగు జాకెట్టు చంక దగ్గర తెగింది కూడా ఆ విద్యవల్లే.

బియ్యం బస్తా మూతికి వేసేది గొలుసుకుట్టు. సరైన కొస దొరికితే ఒక్క లాగుడుకి బర్రున విడిపోతుంది, దానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. మిషన్ కుట్టు అంత తేలిగ్గా లొంగదు. పై దారం, బాబిన్ దారం గుడ్డ మధ్యలో ప్రతి కుట్టు దగ్గరా ఒకదాన్నొకటి మెలేసుకుని ఉంటాయి. అందుకని ఒకవైపు మూడేసి కుట్లకి ఒకటి చొప్పున తెంపుకుంటూ పోవాలి. టిక్. మళ్లీ మూడు వదిలి, టిక్. జానెడు దూరం పోయాక గుడ్డ తిరగేసి, అవతలి దారం కొస పట్టుకుని మెల్లగా లాగితే, ఇంతసేపూ బిగుసుకుని ఉన్నది ఒకే పోగుగా సుర్రుమంటూ వచ్చేస్తుంది. సంగీతం తెలిసినవాళ్లు నవ్వుకున్నా సరే, ఆ టిక్కులన్నీ ఈ సుర్రు కోసం వేసిన తాళంలా వినిపిస్తాయి నాకు.

బళ్లో తెలుగు పరీక్షలో ఒక ప్రశ్న ఉండేది, "విడదీసి రాయండి" అని. రాముడితడు. నరికితే "రాముడ్" అని ఒక మొండెం మిగులుతుంది. విడదీయడం తెలిస్తే సంధిలో పోయిన ఉకారం తిరిగొస్తుంది: రాముడు, ఇతడు. జాకెట్టు పక్క కుట్టు విప్పినప్పుడు నాకు ఆ ఉత్వసంధే గుర్తొచ్చింది. ముందుముందు లూజు చేసుకోవడానికని లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలి, వరసగా రెండు కుట్లు వేసి ఉంచుతారు కదా. లోపలి కుట్టు ఊడదీస్తే ఎండ తగలని, చెమట తగలని గుడ్డ బయటికొచ్చింది. పైనంతా వెలిసి బూడిదరంగు తిరిగిన నెమలికంఠం అక్కడ మాత్రం కొన్ననాటి రంగులో ఉంది. అన్నేళ్లుగా ఆ రంగు నా ఒంటిమీదే ఉంది.

పట్టు దగ్గర అయితే తొందర పనికిరాదు. నూలు మీద సూది చిల్లులు తడిచేసి గోటితో రుద్ది, ఇస్త్రీ చేస్తే చాలావరకు మూసుకుంటాయి. పట్టు మీద చిల్లులు మాసిపోవు, వరసగా చుక్కలై మిగులుతాయి. పొందూరు ఖద్దరు మరీ నాజూకు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. చేప పళ్ల దువ్వెన కింద నలగని పోగుని నా తొందర చేతితో తెంపలేను కదా. అలాంటి గుడ్డమీద మొనని పడుకోబెట్టి, వంపుని ఆకాశంవైపు ఉంచి, దారాన్ని పైకెత్తి తెంపుతాను. పని నెమ్మదవుతుంది. నెమ్మదవ్వాలి కూడా.

నిరుడు మా అమ్మమ్మ బొంత విప్పాను. పనికిమాలిన రాతని "అతుకులబొంత" అని తిట్టేవాళ్లెవరూ బొంతని లోపలినుంచి చూసి ఉండరు. నాలుగు పొరల పాత చీరలు, చేతి కుట్టు, వరసలు ఒక మూల నుంచి మొదలై చతురస్రంగా లోపలికి తిరిగాయి. చేతి కుట్టుకి ఒకటే దారం, బాబిన్ జోడీ లేదు. ముడి ఒకటి తెంపితే చాలు, మిగతాదంతా వేలితో లాగేయొచ్చు. ఆ ముడి వెతకడానికే గంట పట్టింది. ఆవిడ దాన్ని రెండు పొరల మధ్య దాచింది. ఎర్రపూసని కింద పెట్టి పొరల మధ్య జార్చుకుంటూ పోతే ఒకచోట గుడ్డకి కాకుండా ఇంకేదో గట్టిదానికి తట్టుకుంది. అదే.

లాగిన దారం ఒళ్లో పడింది. ముప్పయ్యేళ్లు గుడ్డలో ఉన్నా తిన్నగా కాలేదు. ఒక్కో కుట్టుకి ఒక్కో వంపు, కొన్ని పెద్దవి, దీపం వెలుగులో కుట్టినప్పటివేమో, కొన్ని చిన్నవి. పిల్లి వచ్చి ఆడుకోబోతే చేత్తో తోసేసి, దారాన్ని ఖాళీ రీలుకి చుట్టాను.