మాట తీసేసిన పాట

వీణ మీద కృతి ఎత్తుకోవాలంటే ముందు సాహిత్యం నోటికి రావాలనేవారు మా గురువుగారు. ఎక్కడ మీటాలో అక్షరమే చెబుతుంది. వినేవారికి మాట వినబడదు, కానీ మీటులో అది ఉంటుంది. తూర్పు జర్మనీ జాతీయగీతం గురించి ఎప్పుడు చదివినా నాకు ఈ పాఠమే గుర్తొస్తుంది.

1949లో ఆ దేశం ఏర్పడినప్పుడు యోహానెస్ బెహెర్ పాట రాశాడు, హాన్స్ ఐస్లర్ బాణీ కట్టాడు. ఇద్దరూ హిట్లర్ కాలంలో దేశం విడిచి వెళ్లినవాళ్లే. స్వరకర్త షోన్‌బర్గ్ దగ్గర కఠినమైన సంగీతం నేర్చుకున్న ఐస్లర్, బడిపిల్లలు సైతం పాడగలిగే వరస కట్టాడు. విద్వత్తు ఉన్నవాడికి అంతకంటే కష్టమైన పని లేదని నా నమ్మకం. సోషలిస్టు దేశపు గీతమే అయినా అందులో సోషలిజం మాటే రాదు. శిథిలాల నుంచి లేవడం, బిడ్డల కోసం తల్లులు మళ్లీ ఏడవకూడదన్న కోరిక, జర్మనీ అంతా ఒకే దేశమన్న భావం, ఇవే ఉంటాయి.

ఆ చివరి భావమే ఇబ్బంది తెచ్చింది. 1970ల మొదట్లో తూర్పు జర్మనీ నేత హోనెకర్ ప్రభుత్వం తమది వేరే జాతి అనసాగింది. 1974లో రాజ్యాంగం నుంచి జర్మన్ జాతి ప్రస్తావన తీసేశారు. పాటను నిషేధించలేదు గానీ, అప్పటికే మాటలు పాడటం మానేశారు. సభల్లో వాద్యాలు మాత్రమే మోగేవి. సుమారు పద్దెనిమిదేళ్లు అలాగే సాగింది. సాహిత్యం తెలిసినవారి చెవిలో మాత్రం ప్రతి స్వరానికీ దాని అక్షరం పలుకుతూనే ఉండి ఉంటుంది. వాయించేవాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు.

1989లో తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్ వీధుల్లో ప్రభుత్వానికి వ్యతిరేకంగా సాగిన సోమవారం ప్రదర్శనలకు వచ్చిన జనం మొదట ప్రజలం మేమే అన్నారు. తర్వాత ఒకే దేశం కావాలన్నారు. ఆ నినాదాన్ని ఈ పాటలోంచే తీసుకున్నారు! ఎన్నో ఏళ్లుగా పాడని మాట అన్ని గొంతుల్లో ఒక్కసారి పలికిందంటే, బెహెర్, ఐస్లర్ దాన్ని ఎంత గట్టిగా అతికారో చూడండి. 1990 మొదట్లో సాహిత్యం తిరిగి వినిపించింది. అక్టోబరు 3న రెండు జర్మనీలూ కలిశాయి, ఆ గీతానికి అధికారిక హోదా పోయింది.

విలీనం చర్చల్లో తూర్పు జర్మనీ చివరి ప్రధాని లోథార్ డి మెజియేర్, బెహెర్ మాటల్ని పశ్చిమ జర్మనీ గీతానికున్న హైడన్ బాణీలో చేర్చి ఉమ్మడి గీతం చేద్దామన్నారు. పశ్చిమ జర్మనీ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే మంచిదైంది. పాడి చూస్తే చాలావరకు కుదురుతుంది గానీ, జర్మనీ మీద సూర్యుడు వెలగాలనే చోట చివరి మాటలు మిగిలిపోతాయి. ఐస్లర్ ఆ మాటల్నే రెండుసార్లు పాడించాడు.