బైబిలు కాలగణనము: లెక్కయు సాక్ష్యమును

బైబిలులోని సంవత్సరసంఖ్యలను ప్రాచీనచరిత్రతోడను, విజ్ఞానశాస్త్రముతోడను సమన్వయించుటకు మూడు శతాబ్దులకు పైగా ప్రయత్నములు జరుగుచున్నవి. భక్తులొక వైపునను, హేతువాదులు వేరొక వైపునను నిలిచి వీనిని తూచుట పరిపాటి. సాహిత్యవిమర్శకుడు మాత్రము ముందుగా మరియొక ప్రశ్న వేయవలసియున్నది: ఈ సంఖ్యను వ్రాసినవాడు దేనిని లెక్కించుచున్నాడు? ఏ పద్ధతిని లెక్కించుచున్నాడు? ఈ ప్రశ్నను విడిచిన సమన్వయము గ్రంథమునకును, సాక్ష్యమునకును గూడ అన్యాయమే చేయును.

ఐర్లండులోని ఆర్మా పీఠమునకు ఆర్చిబిషప్పయిన జేమ్స్ అషర్, 1650లో ప్రకటించిన లాటిను గ్రంథమున, సృష్టి క్రీ. పూ. 4004వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీకి ముందటి సాయంకాలమున ఆరంభమయ్యెనని నిర్ణయించెను. ఆయనను పరిహసించుట సులభము. కాని ఆయన గ్రీకు, రోమను, పారసీక చరిత్రలను ఓపికతో పోల్చిచూచిన పండితుడు. 1701 మొదలుగా ఆ సంవత్సరములు ఆంగ్ల బైబిలు ప్రతుల అంచులలో అచ్చగుచు వచ్చుటచే, పెక్కుమంది పాఠకులు వానిని మూలములోని మాటలుగానే భావించిరి. అంచు క్రమముగా మూలమైనది.

అషర్ హీబ్రూ పాఠమును ప్రమాణముగా గైకొనెను. పాఠము మారినచో లెక్కయు మారును. షేతు జన్మించునాటికి ఆదాము వయస్సు హీబ్రూ పాఠమున 130, ప్రాచీన గ్రీకు అనువాదమున 230. సృష్టినుండి జలప్రళయము వరకు హీబ్రూ లెక్క 1656 సంవత్సరములు. సమరయుల పాఠము లెక్క 1307. గ్రీకు లెక్క 2242. కొన్ని గ్రీకు ప్రతుల ననుసరించినచో మెతూషెల ప్రళయానంతరము గూడ పదునాలుగేండ్లు జీవించియుండవలెను. ఓడలో మాత్రము అతడు లేడు. ఈ చిక్కును 5వ శతాబ్దిలోనే అగస్టీను తన 'దేవుని నగరము'న చర్చించెను. కావున ఈ సంఖ్యలను ప్రశ్నించుట ఆధునికుల అవిశ్వాసమునకు ఫలమనుట సరికాదు. విశ్వాసులైన పండితులే ఆ పనిని ఆరంభించిరి.

రాజుల గ్రంథముల స్థితి వేరు. ఇచ్చట బయటనుండి ఒక సాక్షి వచ్చినాడు. అష్షూరువారు ఒక్కొక్క సంవత్సరమునకు ఒక్కొక్క అధికారి పేరు పెట్టి పట్టికలు వ్రాసికొనిరి. వానిలో పేర్కొనబడిన సూర్యగ్రహణము క్రీ. పూ. 763 జూన్ 15 నాటిదని ఖగోళగణితము తేల్చుటచే పట్టికకు స్థిరత్వము లభించెను. దాని ప్రకారము ఇశ్రాయేలు రాజు అహాబు ఖర్ఖరు యుద్ధమున మూడవ షల్మనేసెరు నెదిర్చినది 853లో; యెహూ ఆ చక్రవర్తికే కప్పము చెల్లించినది 841లో. నడిమి కాలము పండ్రెండేండ్లు. బైబిలులోనో, అహాబు తరువాత అహజ్యా రెండేండ్లు, యెహోరాము పండ్రెండేండ్లు ఏలిరి. మొత్తము పదునాలుగు. తప్పెవరిది?

1951లో ఎడ్విన్ థీలీ హీబ్రూ రాజుల సంఖ్యలపై ప్రకటించిన గ్రంథము దీనికి చక్కని సమాధానము చూపినది. ఆనాటి ఇశ్రాయేలులో రాజు గద్దె నెక్కిన యేటిలో మిగిలిన భాగమునే అతని మొదటి యేడుగా గణించిరి. గతించిన రాజునకు అదియే కడపటి యేడు. ఇట్లు ఒకే సంవత్సరము రెండుమారులు లెక్కకెక్కినది. రాజునకొకటి చొప్పున తీసివేయగా ఒకటియు పదునొకండును మిగిలి, మొత్తము పండ్రెండే యగుచున్నది. వ్రాసినవాడు పొరపడలేదు, చదివినవారమే పొరపడితిమి. థీలీ కల్పించిన తండ్రికొడుకుల సహపాలనలను పండితులందరును అంగీకరింపలేదు. ఐనను ఆయన గ్రంథమును ముందుగా దాని లెక్కతోనే చదువ యత్నించెను. అదియే ఆయన విశిష్టత.

ఈ విజయమును చూచి, ఆదికాండమునకును ఇట్టి తాళపుచెవి కలదని వెదకుట తగదు. అషర్ లెక్కలో జలప్రళయము క్రీ. పూ. 2348. ఈజిప్టున ఖుఫూ పిరమిడ్డు అంతకు సుమారు రెండువందల యేండ్లకు ముందే లేచినది; ఆ దేశపు లిపియు, రాజపరంపరయు ఆ తేదీని దాటి తెగక సాగినవి. 1949లో విల్లర్డ్ లిబ్బీ రేడియో కార్బను పద్ధతిని ఈజిప్టు సమాధులలోని కొయ్యతో పరీక్షించెను. తరువాత వృక్షవలయములతో పోల్చగా ఆ పద్ధతికిని సవరణ అవసరమయ్యెను. శాస్త్రజ్ఞులు ఆ సవరణను దాచక పట్టికలలో చేర్చుకొనిరి. ఐరోపా వృక్షవలయముల పరంపర నేడు పండ్రెండువేల యేండ్లకు పైగా ఎడతెగక లభించుచున్నది. 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కలలోని సీసమును పరిశీలించి భూమి వయస్సు సుమారు 455 కోట్ల యేండ్లని తేల్చెను. సృష్టిదినములు ఆరింటిని ఆరు యుగములుగా సాగదీయువారు గ్రంథమును కాపాడుచున్నామని తలంతురు. కాని ప్రతిదినమునకును సాయంకాలమును ఉదయమును కూర్చిన కవి మాటకు వారు అర్థము మిగుల్చుట లేదు.

మన దేశచరిత్రయు ఈ వివాదమునకు దూరమైనది కాదు. హిందువుల కాలగణనముపై 1788లో వ్యాసము వ్రాసిన విలియం జోన్సు, పురాణరాజవంశములను మోషే చరిత్ర పరిధిలో ఇముడునట్లు కుదించెను. ఆ కుదింపును నేటి చరిత్రకారులు అనుసరింపరు. ఆయనయే 1793లో, గ్రీకులు చెప్పిన సాండ్రకొట్టసు చంద్రగుప్త మౌర్యుడేయని ప్రకటించెను. మన ప్రాచీనచరిత్రకు అది ఇరుసైనది. ఒకే పండితుని రెండు పనులకును గల భేదము గమనింపదగినది. మొదటిది ముందే చేసిన చట్రములో సాక్ష్యమును బిగించుట. రెండవది ఒకరినొకరు ఎరుగని సాక్షులు ఒకే మాట చెప్పుటను గుర్తించుట.

అనువాదకులకు ఈ చర్చవలన ఒక ధర్మము తెలియవచ్చుచున్నది. ఇశ్రాయేలీయులు ఐగుప్తును విడిచిన 480వ యేట సొలొమోను ఆలయనిర్మాణము మొదలయ్యెనని గ్రంథము చెప్పుచున్నది. అది పండ్రెండు నలుబదులు గనుక తరముల లెక్కయే కావచ్చునని పెక్కురు విమర్శకుల అభిప్రాయము. అనువాదకుడు ఆ అభిప్రాయముతో ఏకీభవించినను 480 అనియే వ్రాయవలెను. తన తీర్పును వ్యాఖ్యలో, తన పేరుమీదనే చెప్పుకొనవలెను. అంచున వ్రాయవలసినదానిని మూలమున చేర్చినచో ఏమగునో అషర్ సంవత్సరముల చరిత్రయే మనకు నేర్పినది.