ముందు జాబితా, తర్వాతే నిధులు

ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మా మేనకోడలు ఈ వారం ఫోన్ చేసింది. "మామయ్యా, ఐఐటీ వాళ్లు చదివే జర్నల్సే ఇప్పుడు మాకూ తెరుచుకుంటున్నాయి" అంది. ఎంత సంతోషమనిపించిందో!

2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ ఫలం ఇది. 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13 వేల జర్నల్స్, మూడేళ్లకు 6 వేల కోట్ల రూపాయలు. ఏ కాలేజీకి ఆ కాలేజీ వెళ్తే ప్రచురణకర్త చెప్పిందే ధర. 6,300కు పైగా సంస్థల తరఫున ఒకరే బేరమాడితే లెక్క మారుతుంది.

గ్రంథాలయ సెస్సు సంగతి ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు చదివారు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనం కట్టేది పూర్తిగా లైబ్రరీలకు చేరాలన్నది నా పట్టుదల. జర్నల్స్‌కు నిధులొచ్చాయి కదా, ఊరి లైబ్రరీలకూ డబ్బుంటే మిగతావన్నీ అవే వస్తాయని ఈసారీ రాయబోయాను.

కానీ మేనకోడలు ఇంకో మాట చెప్పింది. వాళ్ల అమ్మమ్మ చదివిన పాత తెలుగు నవల ఒకటి ఇక్కడ ఏ లైబ్రరీలో ఉందో చెప్పేవాళ్లే దొరకలేదట. అమెరికా విశ్వవిద్యాలయాల కేటలాగులో మాత్రం వెంటనే కనిపించిందట.

అది అక్కడికెలా చేరింది? అమెరికా ఆహార సాయ చట్టం పీఎల్-480 కింద మనం గోధుమలు కొని రూపాయల్లో డబ్బు కట్టాం. ఆ రూపాయలతోనే 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం మన భాషల పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంచింది. ఆ రూపాయలు అయిపోయాక ఆ లైబ్రరీలే సొంత డబ్బు వేసుకుని కొనుగోలు కొనసాగించాయి. మాడిసన్‌లో ఉన్న తెలుగు పుస్తకాన్ని షికాగో విద్యార్థి అరువు తెప్పించుకోగలడు. ఏది ఎక్కడుందో రాసి పెట్టుకున్నారు కాబట్టే అది సాధ్యమైంది.

అందుకే ఇప్పుడు వరుస మారుస్తున్నాను. సెస్సు రావాల్సిందే, కానీ ముందు జాబితా కావాలి. వేటపాలెం సారస్వత నికేతనంలో ఏముందో రాజమహేంద్రవరం గౌతమి గ్రంథాలయంలో కూర్చున్న పాఠకుడికి తెలియాలి. విశ్వవిద్యాలయాల పుస్తకాలకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ వారి ‘ఇండ్‌క్యాట్’ ఉమ్మడి జాబితా ఉంది. ఊరి గ్రంథాలయాలకూ అలాంటిదే కావాలి. మీ ఊరి లైబ్రేరియన్‌ను కలిసి, పుస్తకాల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి వారానికి ఒక పూట సాయం చేస్తామని చెప్పండి.