చిత్రార్థవిచారము : మన్యపు బడులలో బొమ్మల పాఠము

బాలబోధకుఁ జిత్రము మిక్కిలి యుపకారకమని యెల్లరు నంగీకరించియున్నారు. యూరపునందు కొమెన్యసు పండితుఁడు 1658వ సంవత్సరమున సచిత్రముగాఁ బ్రకటించిన బాలగ్రంథము మొదలు నేఁటి వాచకముల వఱకు నీ మతమే సాగుచున్నది. అయినను ఇందు విమర్శింపఁబడకయే నిలిచిన యంశ మొకటి కలదు. మాటకు భాషాభేదము కలదు గాని బొమ్మకు లేదనియు, అక్షరము నేర్వవలసినదే గాని బొమ్మ చూచినంతనే బోధపడుననియుఁ బలువురు తలంతురు. ఈ తలంపు సాధువగునా యని విచారించుటకుఁ దూర్పుకనుమలలోని బడులకంటెఁ దగిన తావు లేదు.

అరకులోయ పరిసరములందు ఆదివాసి ఒడియా, కొండ, కువి మున్నగు భాషలు మాటలాడు జనులు కలరు. వారి బిడ్డలు బడికి వచ్చి కూర్చుండఁగా గోడమీఁది పటమున ‘ఇ’ యను నక్షరముచెంత నొక యింటి బొమ్మ కనఁబడును. బొమ్మను జూచిన బాలుఁడు ‘ఇల్లు’ అనును, ఆ పదముయొక్క తొలి ధ్వనివలన నక్షరము నెఱుంగును. ఇదియే యీ పద్ధతికి మూలమైన యూహ. కొండభాష మాటలాడు బాలునకు ఇంటిపేరు ‘ఇలు’ గావున నతని విషయమున నీ యూహ నెఱవేఱును. ఒడియాలో నింటికి ‘ఘర’ యని పేరు. ఆ భాషాకుటుంబమునకుఁ జెందిన పలుకు పలికెడి బాలుఁడు బొమ్మను సరిగానే గుర్తించును. అక్షరమును మాత్రము చేరఁజాలఁడు. అంతట నుపాధ్యాయుఁడు వానిని మందబుద్ధి యని నిర్ణయించును. నిజమున కిచ్చట దోషము బాలునిది కాదు. చిత్రమునకును ధ్వనికిని నియతసంబంధ మున్నదని భావించిన హేతువే వ్యభిచరించినది. తార్కికులు సహింపని యీ దోషమును బడిలో బాలుని నెత్తిన మోపుట న్యాయము కాదు.

ఇఁక నర్థవిషయము. పదమునకు ద్రవ్య మర్థమని వ్యాడియు, ఆకృతి యర్థమని వాజప్యాయనుఁడును జెప్పిరి. మహాభాష్యమున నీ రెండు పక్షములును విస్తరముగాఁ జర్చింపఁబడినవి. ఈ చర్చ బొమ్మలకును వర్తించును. లేఖకుఁడు వ్రాయునది యెప్పుడును ఒకానొక యిల్లే; దాని కింత కప్పు, ఇన్ని తలుపులు ఉండితీఱవలెను. ఉపాధ్యాయుఁడు చెప్పునది యిండ్ల కన్నిఁటికిని సామాన్యమగు జాతి. వ్యక్తినుండి జాతికి దాఁటుట యొక మెట్టు. అది నేర్పవలసినదే గాని తనంత తాన వచ్చునది కాదు. బొమ్మను జూచి ‘ఇది యెవరి యిల్లు?’ అని యడిగిన బాలుఁడు అజ్ఞుఁడు కాఁడు. అతఁడు వ్యాడి పక్షమున నిలిచినవాఁడు.

బొమ్మకును సంకేతములు కలవు. చిన్నదిగా వ్రాసినది దూరమున నున్నదనుట యట్టి సంకేతమే. దక్షిణాఫ్రికాలో హడ్సను అను శాస్త్రజ్ఞుఁడు 1960వ సంవత్సరమునఁ బ్రకటించిన పరిశోధన దీనికి నిదర్శనము. వేఁటకాఁడు, జింక, దూరమున నేనుఁగు గల చిత్రమును జూపి యెవరికి గుఱి పెట్టెనని యడుగఁగా, జింకను విడిచి యేనుఁగును జెప్పినవారు పలువురు కలరు. వారికి దృష్టిదోష మున్నదని తలంపరాదు. ఆ చిత్రములే లోపభూయిష్టములని తరువాతివారు కొందఱు ఆక్షేపించిరి. ఏ పక్షము నంగీకరించినను, చిత్రము స్వయంప్రకాశము కాదనుట తేలుచున్నది. మన శాస్త్రకారులు దీని నెఱుఁగనివారు కారు. విష్ణుధర్మోత్తరము తృతీయఖండమునఁ జిత్రసూత్రము నృత్తశాస్త్రజ్ఞానము నపేక్షించునని చెప్పఁబడినది. చిత్రమునందలి గుఱ్ఱమును జూచినపుడు కలుగు జ్ఞానము సత్యము, మిథ్య, సంశయము, సాదృశ్యము అనువానిలో దేనియందును జేరదని శ్రీశంకుకుఁడు రసవిచారమున నిరూపించెను. ఇంతటి సూక్ష్మవిషయమును ఐదేండ్ల శిశువునకు స్వతస్సిద్ధమని వదలివేయుట పొరపాటు.

మన్యమువారు చిత్రము నెఱుఁగనివారా యన్నచో, సవరల గోడచిత్రములే సమాధానము. ఎఱ్ఱమన్ను పూసిన గోడపై బియ్యపుపిండి నీటఁ గలిపి, పుల్లకొనతో వారు వ్రాయు చిత్రములను వెరియర్ ఎల్విను 1951, 1955 సంవత్సరములలోఁ బ్రకటించిన గ్రంథములందు వివరించియున్నాఁడు. చట్రమువలె నుండు గీఁత దేవతయొక్కయో, మృతుఁడైన పూర్వునియొక్కయో యిల్లు. అందు మనుష్యులు, గుఱ్ఱములు, ఏనుఁగులు, సూర్యచంద్రులు. కాలము మాఱఁగా రైలుబండియు విమానమును గూడఁ జేరినవి. రోగశాంతికో, పంటకో, పితృతృప్తికో యవి వ్రాయఁబడును. అట్టి యింటఁ బెరిగిన శిశువు బొమ్మను జూచి ‘ఇది యేమి?’ అని మాత్రమే కాక ‘ఎవరి కొఱకు? ఎందులకు?’ అని కూడ నడుగ నేర్చియుండును. చిత్రపఠనమున నింతకంటెఁ బ్రౌఢమైన ప్రశ్న లేదు. ఈ విద్యను బడి గుర్తింపకపోవుట యొక లోపము. ఈ గీఁతలనే చీరల యంచులకును, భవనముల గోడలకును అలంకారముగాఁ గొని యర్థమును విడిచిపెట్టుట మఱియొక లోపము. అర్థ మెఱుఁగక వేదము వల్లించువానిని బరువు మోయు స్తంభముతోఁ బోల్చిన నిరుక్తకారుని మాట యిచ్చటఁ గూడ స్మరింపఁదగును.

సవరభాషకు వ్యాకరణమును (1931), నిఘంటువును (1938) రచించిన గిడుగు రామమూర్తిపంతులుగారు శిశువు పలుకునే బోధకు మొదలుగాఁ గొనవలెనని యెఱింగినవారు. వ్యావహారికవాదమున వారితో విభేదించినవారుగూడ నీ విషయమున వారికిఁ జేతులెత్తి మ్రొక్కవలెను. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2004వ సంవత్సరమున నారంభించిన మాతృభాషాబోధనయందు సవర, కొండ, కువి, ఆదివాసి ఒడియా మున్నగు నెనిమిది భాషలకు వాచకము లేర్పడుట శ్లాఘనీయము. అయినను మాట మాఱినంతనే బొమ్మ బోధపడదు.

కావున బొమ్మను జూపి పేరు చెప్పించుటతో నాఁగరాదు. అందేమి కనఁబడుచున్నది, ఏమి జరుగుచున్నది, ఏ గుర్తువలన నది తెలిసినది అను మూఁడింటిని వరుసగా నడుగవలెను. బాలుఁడు తన భాషలోఁ జెప్పిన పేరును ముందుగా నంగీకరించి, పిమ్మటఁ దెలుఁగుపేరును దానిచెంత నుంచవలెను. అక్షరమునకు బొమ్మ నేర్పరచునపు డా యూరి పలుకున దాని తొలి ధ్వని యేదియో విచారింపవలెను. అరుంధతిని జూపఁదలఁచినవాఁడు ముందుగా సమీపమునందలి పెద్దచుక్కను జూపును. చూచువాఁడు ఆ పెద్దచుక్కనైన గుర్తింపఁగలిగినపుడే యా న్యాయము ఫలించును. మన్యపు బడులలో మనము చూపు చుక్క శిశువు కన్నుల కందుచున్నదో లేదో ముందుగాఁ దెలిసికొనుట యుపాధ్యాయునకుఁ బ్రథమకర్తవ్యము.